చిటికి డిజైన్‌లో లోతు: లేయర్ల లెక్క, పోగుల లెక్క

(భూదాన్ పోచంపల్లిలో, కంప్యూటర్ మీద డిజైన్లు గీస్తున్న నేత కుటుంబాల యువతకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో శానామంది ఇంట్లో మగ్గం ఉంది, ఒళ్లో ల్యాప్‌టాప్ ఉంది. పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డం పోగులు), ఆసు (కట్టే ముందు నూలును మేకుల మీద పోసుడు), చిటికి (పోగులను కట్టి, రంగుల్లో ముంచి, నేసే ఇక్కత్) మీకు నేను చెప్పే పని లేదు. ఫొటోషాప్‌లోనో జింప్‌లోనో కొత్త లేయర్ (బొమ్మ మీద పేర్చే పొర) ఎట్ల తెరవాలో కూడా తెలుసు. ఈ రెండూ కలిసే చోటు గురించి మాత్రం కొంచెం నిమ్మళంగా మాట్లాడుకోవాలె.

తెర మీద పది పన్నెండు లేయర్లు పేర్చి గీసిన డిజైన్ మస్తు లోతుగా కనిపిస్తది. దాన్నే కట్టి, రంగులు వేసి, నేసి దించితే పువ్వూ దాని వెనక గ్రౌండూ ఒకటే మట్టంలో అతికినట్టు ఉంటయి. అప్పుడు కట్టినవాళ్లను అంటం, రంగు వేసినవాళ్లను అంటం. వాళ్లు చేసేది ఏం లేదు. ఆ ఫైలులో లోతు లేదు. లోతు ఉన్నట్టు చూపెట్టే నీడలు, బ్లర్, ముప్పై శాతం ఒపాసిటీ (పై పొర కింది పొరను ఎంత కప్పుతదో ఆ లెక్క) ఉన్నయి. అవేవీ పోగు మీదికి రావు. పోగు మీదికి వచ్చేది ఇంతే: గ్రాఫ్ మీద ఏ గడిలో ఏ రంగు, అది పక్క గడి కంటే ఎంత లేత, ఎంత ముదురు. కాబట్టి లేయర్లను మనం వాడాల్సింది పోగు ఎట్ల పనిచేస్తదో అట్ల.

ముందు లేత–ముదురు సంగతి చూద్దాం, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదనే నిలబడుతయి. ఒక డిజైన్‌లో మూడు మెట్లు పెట్టుకోండి: వెనక, నడుమ, ముందు. రంగులను కొలిచే ల్యాబ్ (Lab) అనే కొలతలో ఎల్ అనే అంకె సున్న నుంచి 100 దాకా ఉంటది, సున్న నలుపు, 100 తెలుపు. మెరూన్ గ్రౌండ్ చీర అనుకోండి. వెనక మెట్టు 20 దగ్గర, నడుమ మెట్టు 45 దగ్గర, ముందుకు రావాల్సిన పువ్వు 80 దగ్గర పెట్టండి. లేత గ్రౌండ్ అయితే తిరగేయండి: వెనక 80, నడుమ 55, ముందు 25. మెట్టుకూ మెట్టుకూ నడుమ కనీసం 20 తేడా ఉండాలె. ఒకే మెట్టు లోపల ఉన్న రంగులు మాత్రం పదికి మించి ఎడంగా ఉండొద్దు. శానా డిజైన్లు ఇక్కడనే దెబ్బతింటయి. వెనక జాలీలో (వల లాంటి అల్లిక బొమ్మలో) తెల్ల చుక్క ఒకటి, నల్ల గీత ఒకటి పెడతరు. జాలీ లోపలి తేడా, జాలీకీ పువ్వుకూ ఉన్న తేడా కంటే పెద్దదైతది. అప్పుడు కన్ను పువ్వును వదిలి జాలీ మీద పడ్తది, వెనక ఉండాల్సింది ముందుకు దుంకుతది.

ఈ మెట్లను సరిచూసుకోవాలంటే డిజైన్‌ను బూడిద రంగులోకి మార్చి చూడాలని అందరూ చెప్తరు. ఎట్ల మారుస్తున్నరన్నది మాత్రం ఎవరూ అడగరు. ఫొటోషాప్‌లో హ్యూ–సాచురేషన్‌కు పోయి సాచురేషన్‌ను మైనస్ 100కు దించితే తప్పు జవాబు వస్తది. కంప్యూటర్ ప్రతి రంగునూ ఎరుపు, పచ్చ, నీలం అని మూడు అంకెలతో, సున్న నుంచి 255 దాకా రాస్తది. అచ్చమైన పసుపు 255, 255, 0. అచ్చమైన నీలం 0, 0, 255. ఆ పద్ధతిలో రెండూ 128 అనే ఒకే బూడిద రంగయితయి, ఎందుకంటే అది పెద్ద అంకెనూ చిన్న అంకెనూ కలిపి సగం చేస్తది, అంతే. పసుపూ నీలమూ ఒకే ముదురు అని మీ ఇంట్లో చిన్నపిల్లగాడు కూడా ఒప్పుకోడు. దానికి బదులు, అన్ని లేయర్ల పైన నలుపు నింపిన ఒక లేయర్ పెట్టి, కింది లేయర్లతో అది కలిసే తీరును, అంటే దాని బ్లెండ్ మోడ్‌ను కలర్ అని మార్చండి. కంటికి ఆనే లేత–ముదురే మిగులుతది. ఆ లేయర్‌ను ఫైలులోనే ఉంచుకోని, గంటకోసారి కన్ను గుర్తు నొక్కి తెరిచి చూసి మూసేయండి. జింప్‌లో అయితే డీసాచురేట్‌లో లూమినెన్స్ అనేది ఎంచుకుంటే చాలు.

ఇప్పుడు పుట్టపాక తేలియా రుమాలును ఈ కంటితో చూడండి. దానికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాత పద్ధతిలో దాని రంగులు మూడే: ఎరుపు, నలుపు, తెలుపు. ఆముదం కాయల బూడిద, నూనె పట్టించిన నూలు, దాని మీద అలిజరిన్ ఎరుపు. ఒక్క నీడ లేదు, ఒక్క గ్రేడియెంట్ లేదు, అయినా చతురంలో చతురం లోపలికి పోయినట్టు కనిపిస్తది. కారణం దగ్గరికి పోయి చూస్తే తెలుస్తది. ముదురు ఎరుపుకూ నలుపుకూ లేత–ముదురులో తేడా తక్కువ. బూడిద రంగులోకి మారిస్తే రెండూ కలిసిపోయేటంత దగ్గర. అందుకే ఎరుపు గడి నలుపు గడిని తాకే చోట నడుమ తెల్ల గడుల గీత ఒకటి మెట్లు మెట్లుగా నడుస్తది. ఆ తెలుపు అందం కోసం పెట్టింది అనుకుంటం గానీ, అది లేకపోతే రుమాలు మొత్తం ఒక మచ్చ. రెండు దగ్గరి రంగులను విడదీసే గీత అది. విమానాలు, గడియారాలు ఉన్న రుమాళ్లు నేసినప్పుడు కూడా బొమ్మ చుట్టూ ఆ తెల్ల అంచు వదిలిపెట్టలేదు. మీరు కంప్యూటర్ మీద కొత్త బొమ్మ గీసేటప్పుడు మొదలు పీకేసేది దాన్నే, ఎందుకంటే తెర మీద ఎరుపు మెరుస్తది, నలుపు నుంచి దానంతట అదే విడిపోతది. నూలుకు ఆ వెలుగు లేదు.

రంగు పక్కన రంగు మారే సంగతి రంగులద్దేవాళ్లకు కొత్త కాదు. 1824లో ప్యారిస్‌లోని గోబెలిన్స్ నేతశాలలో రంగుల విభాగానికి షెవ్రేల్ అనే రసాయన శాస్త్రవేత్త అధికారిగా వచ్చిండు. నల్ల నూలు సరిగా నల్లగా లేదని నేతవాళ్ల నుంచి ఫిర్యాదు. ఆయన పరీక్ష చేసి చూస్తే నూలులో తప్పు లేదు. పక్కన ఉన్న నీలం, ఊదా రంగులు ఆ నలుపును వెలిసినట్టు చూపెడుతున్నయి. 1839లో ఆయన దాన్ని పెద్ద గ్రంథంగానే వేసిండు. మనకు దాని నుంచి పనికొచ్చే మాట ఏమంటే, రంగును కలర్ పలకలో ఒంటిగా చూసి ఎంచుకోవద్దు. అది పడే గ్రౌండ్ మీద పెట్టి, ఆ సైజులోనే చూసి ఎంచుకోండి.

ఇగ అసలు సంగతికి వద్దాం. గుడ్డలో రంగు మీద రంగు పడేది రెండు తీర్లుగా. ఒకటి, అదే పోగును రెండుసార్లు రంగులో ముంచడం. రెండు, ఒక రంగు పడుగు మీద నుంచి ఇంకో రంగు పేక దాటడం. ఈ రెండూ కంటికి రెండు వేరువేరు ఫలితాలు ఇస్తయి, కాబట్టి కంప్యూటర్‌లో కూడా రెండు వేరువేరు బ్లెండ్ మోడ్‌లు కావాలె. దీన్ని కలగాపులగం చేయడం వల్లనే తెర మీది రంగు ఒకటి, గుడ్డ మీది రంగు ఇంకోటి అవుతున్నది.

మొదటిది, ముంచి ముంచి తీసేది. లేత నుంచి ముదురుకు పోతం కదా: తెలుపు ఉండాల్సిన చోట కట్టి పసుపులో ముంచుతం, పసుపు ఉండాల్సిన చోట కట్టి ఎరుపులో ముంచుతం, ఎరుపును కట్టి నలుపులో ముంచుతం. ఇక్కడ పై రంగు కింది రంగును తీసెయ్యదు, దాని మీద చేరుతది. దీనికి సరిపోయేది మల్టిప్లై. రెండు అంకెలను గుణించి 255తో భాగిస్తది. పసుపు 240, 200, 60 అనుకోండి. దాని మీద ఎరుపు 200, 50, 50 వేస్తే వచ్చేది 188, 39, 12. అంటే మీరు పలకలో ఎంచుకున్న ఎరుపు రాదు, కొంచెం ఇటుక రంగు వైపు వంగిన ఎరుపు వస్తది. అదే పసుపు మీద నీలం 40, 70, 140 పడితే 38, 55, 33. ముదురు పచ్చ. పచ్చ రంగు డబ్బా తెరవకుండనే ఒక పచ్చ దొరికింది, పైగా అది పసుపుకూ నీలానికీ చుట్టం కాబట్టి డిజైన్‌లో పరాయిగా అనిపించదు. ప్రతి రంగును ఒక లేయర్‌గా పెట్టి, కింద పసుపు, దాని మీద ఎరుపు, పైన నలుపు, మోడ్ మల్టిప్లై. లేయర్ల వరుసా రంగు తొట్ల వరుసా ఒకటే కావాలె. రంగు వేసేవాళ్లు ఏ వరుసలో ముంచుతరో అడగకుండ లేయర్లు పేర్చొద్దు. కొందరు కట్టు విప్పి ఆ చోట రంగు అద్దుతరు, అప్పుడు ఆ రంగు మల్టిప్లై కాదు, నార్మల్.

రెండోది, పడుగు మీద పేక దాటేది. ఇక్కడ రంగులు కలవవు, పక్కపక్కన ఉంటయి, కలిపేది కన్ను. నెమలికంఠం రంగు అట్లనే కదా వచ్చేది. దీనికి మల్టిప్లై పెడితే గుడ్డ కంటే శానా ముదురుగా చూపెడతది. సాదా నేతలో పడుగూ పేకా సమానంగా కనిపిస్తయనుకుంటే, రెండింటి సగటు తీయాలె. పేక లేయర్‌ను పైన పెట్టి, మోడ్ నార్మల్, ఒపాసిటీ 50. తెలుపు 255, 255, 255, ఎరుపు 150, 30, 40 దాటితే సుమారు 202, 142, 147. గులాబి. మల్టిప్లై పెట్టి ఉంటే ఎరుపే చూపెట్టేది. పడుగు సన్నం, పేక లావు అయితే 50 కాదు, పేక వాటా 60 అయినా పెట్టుకోవాలె. మీ మగ్గం మీది గుడ్డ ముక్క పక్కన పెట్టుకుని ఆ అంకెను ఒకసారి సరిచేసుకుంటే, ఆ రకం నూలుకు ఇగ అదే.

ఇప్పుడు దీంట్లో దాగున్న లాభం చూడండి. పడుగులో కూడా పేకలో కూడా చిటికి ఉంటే, ఒకే ఎరుపూ ఒకే తెలుపుతో మూడు మెట్లు వస్తయి. రెండూ తెలుపు పడ్డ చోట నిండు తెలుపు. రెండూ ఎరుపు పడ్డ చోట నిండు ఎరుపు. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు పడ్డ చోట గులాబి. వెనక, నడుమ, ముందు అని మనం వెతుకుతున్న మెట్లు ఇవే. మూడో రంగు కొనలేదు, మూడో తొట్టి పెట్టలేదు. కాబట్టి ముందుకు రావాల్సిన పువ్వును పడుగులోనూ పేకలోనూ కట్టండి. వెనక ఉండాల్సిన జాలీని పడుగులో మాత్రమే కట్టండి, పేక అక్కడ గ్రౌండ్ రంగులోనే పోనీయండి. జాలీ దానంతట అదే సగం మెట్టు వెనక్కి పోతది. ఫైలులో పడుగు అని ఒక గ్రూప్, పేక అని ఒక గ్రూప్ చేసుకుంటే, ఏది ఎంత లోతుకు పోతదో గీసేటప్పుడే కనిపిస్తది. నా మాట వినేదుంటే, డబుల్ చిటికి డిజైన్‌ను ఒక్క బొమ్మగా ఎన్నడూ గీయొద్దు. రెండు గ్రూపులుగానే గీయండి.

దీనికి ఒక అడ్డం ఉంది. పడుగు గడీ పేక గడీ కచ్చితంగా ఒకదాని మీద ఒకటి పడవు, నేతలో అటో ఇటో జరుగుతయి. జరిగినప్పుడు పువ్వు అంచు పొడుగునా ఒక గులాబి గడి వరుస వస్తది. ఆ వరుస తప్పుగా కనిపించొద్దంటే డిజైన్‌లో ముందే దానికి చోటియ్యాలె: పువ్వు తెలుపుకూ గ్రౌండ్ ఎరుపుకూ నడుమ ఒక గడి మందం గులాబిని మీరే పెట్టండి. జరిగినా అది ఒక పక్క కొంచెం మందం అయితది, ఒక పక్క సన్నం అయితది, బొమ్మ చెడదు.

గడి అంటే ఎంత? ఇక్కడ లెక్క తప్పితే మిగిలిందంతా తప్పుతది. ఉదాహరణకు పడుగు అంగుళానికి 72 పోగులు, ఒక గుత్తికి (కలిపి కట్టే పోగుల కట్టకు) 8 పోగులు అనుకుందాం. గడి వెడల్పు 8ని 72తో భాగిస్తే 0.11 అంగుళం, అంటే 2.8 మిల్లీమీటర్లు. పేక అంగుళానికి 64, గుత్తికి 8 అయితే గడి ఎత్తు 0.125 అంగుళం, 3.2 మిల్లీమీటర్లు. తెర మీద 40 గడుల వెడల్పు, 40 గడుల ఎత్తు ఉన్న గుండ్రటి పువ్వు గుడ్డ మీద 4.4 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల ఎత్తు వస్తది. గుండ్రం కోడిగుడ్డయితది. మీ ఇంటి మగ్గం అంకెలు వేరే ఉంటయి. అవి పెట్టి లెక్క కట్టుకోండి, ఆ తర్వాతే ఫైలు తెరవండి. ఫైలులో ఒక పిక్సెల్ ఒక గడి. పెన్సిల్ టూల్ వాడండి, బ్రష్ వద్దు. పెద్దగా చేసి చూసుకోవాలంటే నియరెస్ట్ నైబర్ (కొత్త రంగులు పుట్టించకుండ పెంచే పద్ధతి) పెట్టండి. యాంటీ ఏలియాసింగ్ (అంచులను నున్నగా చూపెట్టే పని) ఎక్కడున్నా ఆపేయండి, లేకపోతే అంచు గడులల్ల ఎవరూ అద్దలేని రంగులు ఇరవై పుట్టుకొస్తయి. పని అయినంక ఇండెక్స్‌డ్ మోడ్‌లోకి మార్చి రంగుల పట్టిక చూడండి. నాలుగు రంగుల డిజైన్‌లో ఐదో రంగు కనిపిస్తే ఎక్కడో ఒక గడి మురికైందన్నట్టు.

(సభలో నుంచి ఒక ప్రశ్న: చిటికి అంచు నేసినంక మసకగా వస్తది కదా, ఆ మసకను ఫైలులో బ్లర్‌తో చూపెట్టొచ్చా?)

మంచి మాట అడిగినవు తమ్మీ. గిరాకీకి చూపెట్టే చిత్రంలో చూపెట్టు, కట్టేవాళ్లకిచ్చే ఫైలులో మాత్రం వద్దు. కట్టు కిందికి రంగు కొంచెం పాకుతది, పోగులు కొంచెం జరుగుతయి, అంచు ఒక మిల్లీమీటరో రెండో మెత్తబడుతది. ఆ మెత్తదనం మగ్గం ఇచ్చేది. లోతుకు అది మంచిదే, ఎందుకంటే మెత్తటి అంచు వెనక్కి పోతది, పదునైన అంచు ముందుకు వస్తది. నువ్వు చూడాల్సింది ఏందంటే, 3 మిల్లీమీటర్ల గడికి రెండు పక్కలా ఒక్కో మిల్లీమీటరు పాకితే నడుమ మిగిలేది ఒక్క మిల్లీమీటరు. ఒక గడి మందం ఉన్న తెల్ల గీత దాదాపు కనిపించకుండ పోతది. ముందు మెట్టులో ఉన్న గీతకు రెండు గడులు ఇయ్యి. వెనక మెట్టులో ఒక గడి గీతలు పెట్టు, అవి మసకబారి వెనక్కే పోతయి, అదే కావాలె మనకు.

వెనక మెట్టు గురించి ఇంకొక్క మాట, ఇది కట్టేవాళ్ల చేతుల గురించి. తెర మీద చుక్కల టెక్స్చర్ వేసుడు ఒక క్లిక్కు పని. పేక చిటికిలో 40 గడుల వెడల్పు, 40 గడుల ఎత్తు ఉన్న జాగలో, అటు నాలుగో గడికొకటి, ఇటు నాలుగో గడికొకటి చుక్క పెడితే 100 చుక్కలు, అంటే 100 కట్టులు. అదే జాగలో పేక పొడుగునా నాలుగో వరుసకొక గీత పెడితే పది కట్టులే, ఒక్కొక్కటి పొడుగు కట్టు. దూరం నుంచి రెండింటి గ్రౌండూ పలచబడే కనిపిస్తది, గీతలతో ఇంకా ఎక్కువ. చింతకింది మల్లేశం గారి లక్ష్మీ ఆసు యంత్రం వచ్చినంక ఆసు పోసే భుజం నొప్పి తగ్గింది, 2017లో ఆయనకు పద్మశ్రీ కూడా ఇచ్చిన్రు. కట్టే కట్టులు మాత్రం ఇంకా చేతులతోనే. వెనక మెట్టును పోగు నడిచే దిక్కులో గీయండి. ఖరీదైన విడి చుక్కలను ముందు మెట్టు కోసం దాచుకోండి.

ఒక బొమ్మ ఇంకో బొమ్మను కప్పుడు సంగతి కొంచెమే చెప్తా. ఒక ఆకు పువ్వు వెనక నుంచి పోతున్నట్టు కావాలంటే, ఆకును పువ్వు దగ్గర తెంపాలె, తెంపిన చోట ఒకటో రెండో గడుల గ్రౌండ్ వదలాలె. పువ్వుకు తగిలేదాకా ఆకును తీసుకపోతే రెండూ అతుక్కుంటయి. ఆకు రెండో పక్క మళ్లీ మొదలయ్యేటప్పుడు అదే వంపులో మొదలుకావాలె, లేకపోతే అది వేరే ఆకు అనుకుంటది కన్ను. ఫైలులో దీనికి సులువైన పని: పువ్వును సెలెక్ట్ చేసి, ఎక్స్‌పాండ్‌లో రెండు పిక్సెళ్లు పెంచి, ఆకు లేయర్ మీదికి పోయి డిలీట్. సైజుల్లో కూడా తేడా గట్టిగా ఉండాలె. ముందు పువ్వు 10 అయితే నడుమది 6, వెనకది 3 దగ్గర. 10, 9, 8 పెడితే మూడూ ఒకే వరుసలో నిలబడ్డట్టు ఉంటది. నారాయణపేట చీర గడుల మీద బుటీ (చిన్న పువ్వు బొమ్మ) పెట్టేటప్పుడు కూడా ఇదే. గడి గీత బుటీని తాకకుండ, బుటీ చుట్టూ కొంచెం జాగ వదిలి ఆగాలె.

జకార్డు (కొక్కేలతో పడుగు పోగులను విడివిడిగా లేపే యంత్రం) మీద పనిచేసేవాళ్లకు లెక్క కొంచెం మారుతది. 400 కొక్కేల జకార్డు, అంగుళానికి 80 పడుగు పోగులు, కొక్కానికి ఒక పోగు అయితే డిజైన్ వెడల్పు 5 అంగుళాలు. పేక అంగుళానికి 64 అయితే 5 అంగుళాల ఎత్తుకు 320 వరుసలు. కాబట్టి ఫైలు 400 వెడల్పు, 320 ఎత్తు. 400కు 400 గీస్తే ఎత్తు 6.25 అంగుళాలకు సాగుతది. గీసేటప్పుడే సరైన ఆకారం కనిపించాలంటే ఫొటోషాప్‌లో పిక్సెల్ యాస్పెక్ట్ రేషియోను 0.8 పెట్టుకోండి. జింప్‌లో రిజల్యూషన్ ఎక్స్ 80, వై 64 ఇచ్చి, డాట్ ఫర్ డాట్ అనేది తీసేయండి.

గద్వాల చీర అంచులో జరీ పువ్వుకు లోతు తెచ్చేది రంగు కాదు, జరీ ఎంత దట్టంగా పైకి తేలిందన్నది. ఒక్క జరీతోనే మూడు మెట్లు చేయొచ్చు. ముందు రేకును నిండుగా నింపండి. దాని వెనక రేకులో ఒక గడి జరీ, ఒక గడి గ్రౌండ్, చదరంగం పలక తీరు. ఆకులో నాలుగు గడులకొకటి. నిండుగా నింపిన చోట మాత్రం జరీ పోగును వదిలెయ్యొద్దు. 80 పోగుల గుడ్డలో పావు అంగుళం అంటే 20 పోగులు. అంత దూరం జరీ ఎక్కడా పడుగు కిందికి దిగకుండ పోతే గాజులకు తగులుకుంటది, మెట్టెలకు తగులుకుంటది. 8 నుంచి 10 పోగుల లోపల ఒక పట్టు గడి, అంటే జరీ పడుగు కిందికి దిగి పట్టుకునే గడి, పెట్టండి. ఆ పట్టు గడులన్నీ ఒకదాని కింద ఒకటి పడితే పువ్వు నడుమ నిలువు గీత కనిపిస్తది. ప్రతి వరుసలో రెండు మూడు గడులు జరిపి చెల్లాచెదరు చేయండి.

జరీకి ఇంకో గుణం ఉంది, అది తెర మీద ఎన్నటికీ కనిపించదు. వెలుగు మీద పడితే గుడ్డలో అన్నింటికంటే లేతది జరీనే. మడతలో నీడ పడితే ముదురుదయితది. లేత పసుపు పట్టు మీద జరీ పువ్వు పెడితే వెలుగులో కనిపించదు, నీడలో మాత్రం మచ్చ లెక్క కనిపిస్తది. అందుకే జరీని ప్రత్యేక లేయర్‌గా పెట్టి, డిజైన్‌ను రెండుసార్లు చూసుకోండి: ఒకసారి జరీ ఎల్ 80, ఒకసారి 35. రెండింటిలోనూ పువ్వు విడిగా నిలబడాలంటే గ్రౌండ్ 15 దగ్గరో అంతకంటే కిందో ఉండాలె, లేదా 57, 58 దగ్గర నడుమ ముదురులో ఉండాలె. గద్వాలలో బాడీ నూలు, అంచూ కొంగూ పట్టు కాబట్టి నూలు మెరుపు లేక వెనక్కి పోతది, పట్టు మెరిసి ముందుకు వస్తది. ఆ తేడా ఉండంగ కోటకొమ్మ (అంచు మీది కోణాల వరుస) మొనల మీద మళ్లీ నీడలు గీసుడు దండగ పని.

ఇగ రిపీట్ గురించి, అంటే ఒకే బొమ్మ ముక్కను (టైల్) గుడ్డంతా మళ్లీ మళ్లీ పరిచే సంగతి, జకార్డుకైనా ప్రింటుకైనా. 12 అంగుళాల టైల్‌ను అంగుళానికి 200 పిక్సెళ్ల చొప్పున తీసుకుంటే 2400. ముందు పువ్వు ఆ 2400లో ఒక్కసారి వస్తది. నడుమ మెట్టు 800 టైల్ అయితే మూడుసార్లు, వెనక మెట్టు 600 అయితే నాలుగుసార్లు సరిగ్గా పడ్తది. వెనకకు 700 పెడితే 2400లో సరిపోదు, అంచు దగ్గర చీలిక కనిపిస్తది. మూడు మెట్లకు మూడు వేరు టైళ్లు పెడితే ఒకటే బొమ్మ ముద్ర కొట్టినట్టు ఉండదు, బొమ్మ ఎక్కడ మళ్లీ మొదలైందో తెలియదు. ఆఫ్‌సెట్‌లో 1200, 1200 జరిపి నడుమకొచ్చిన ప్లస్ గుర్తు మీద అతుకు సరిచేయండి, ప్రతి లేయర్‌కూ విడివిడిగా. క్రిటాలో డబ్ల్యూ నొక్కితే టైల్ చుట్టూ పరుచుకుంటది, గీస్తుంటేనే అతుకు కనిపిస్తది. హాఫ్ డ్రాప్ కావాలంటే టైల్‌లో రెండు నిలువు వరుసలు పట్టాలె, రెండోది సగం ఎత్తు దిగి. ముందు మెట్టు హాఫ్ డ్రాప్ అయితే వెనక మెట్టు కూడా అదే హాఫ్ డ్రాప్ పెట్టొద్దు, రెండూ కలిసి ఐమూలగా దారులు పుట్టిస్తయి. టైల్‌ను నాలుగు అడ్డం, నాలుగు నిలువు పరిచి, తెర మీద అరచేతి సైజుకు తగ్గించి, కండ్లు సగం మూసి చూస్తే ఆ దారులు వెంటనే బయటపడుతయి.

ప్రింటు వేసేవాళ్లకు రెండు మాటలే. నూలు మీద సిరా పాకుతది, కాబట్టి ఎల్ 20 కంటే కింద ఉన్న ముదురు రంగుల నడుమ తేడాలు మూసుకుపోతయి. వెనక మెట్టును నలుపుకు దగ్గర కాకుండ 25, 30 దగ్గరే ఆపండి. పొడుగు గ్రేడియెంట్‌లో పట్టీలు పడకుండ కొంచెం నాయిస్ కలపండి. 8 అంగుళాల చతురం నమూనా వేయించి, ఉతికి, ఇస్త్రీ చేసినంకనే రంగు మంచిదో కాదో చెప్పండి.

చివరికి, కట్టేవాళ్ల చేతికి ఏమియ్యాలె. తెర ఫొటో ఇయ్యొద్దు. రెండు గ్రాఫ్ కాగితాలు ఇయ్యండి: ఒకటి పడుగుది, ఒకటి పేకది. ప్రతి పదో గీత మందంగా ఉండాలె, లెక్క తప్పకుండ. గడులల్ల రంగు నింపి, రంగుతో పాటు అంకె కూడా వేయండి, సాయంత్రం బల్బు కింద మెరూన్‌కూ నలుపుకూ తేడా తెలియదు కాబట్టి. అంకెల వరుస ముంచే వరుసే కావాలె: 1 తెలుపు, 2 పసుపు, 3 ఎరుపు, 4 నలుపు. కాగితం మూలన అంగుళానికి పడుగు ఎన్ని, పేక ఎన్ని, గుత్తికి పోగులు ఎన్ని అని రాయండి. గులాబి వచ్చే గడులను పేక కాగితంలో ఖాళీగా వదలండి (అక్కడ పేక గ్రౌండ్ ఎరుపే), పడుగు కాగితంలో తెలుపు అంకె వేయండి. అక్కడ గులాబి రంగు నింపి ఇస్తే, కట్టేవాళ్లు దానికోసం ఇంకో తొట్టి కలుపుతరు.